జబ్బు ఇద్దరిది, నింద ఒక్కరికి

కొన్నేళ్ళ క్రితం అంగన్‌వాడీల మీద అధ్యయనం కోసం కరీంనగర్ జిల్లాలో తిరుగుతున్నప్పుడు ఒక ఇంట్లో రెండేళ్ళ పిల్లవాణ్ణి చూశాను. పుట్టినప్పటి నుంచి దగ్గు. అప్పటికే నాలుగుసార్లు న్యుమోనియా వచ్చింది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు, విరేచనం జిడ్డుగా, భరించలేని వాసనతో అవుతుంది. రిజిస్టర్లో అతని పేరు తీవ్ర పోషకాహార లోపం కింద ఎక్కింది. సరిగ్గా తినిపించడం లేదని వచ్చినవాళ్ళంతా తల్లినే మందలించారు. ఒక ఆసుపత్రిలో టి.బి. అనుకుని ఆర్నెల్లు మందులు మింగించారు. "వీణ్ణి ముద్దు వెట్టుకుంటే ఉప్పగ తగుల్తది మేడమ్" అని ఆమె మాటల మధ్య అంది. ఆ మాట విలువ నాకు తెలియలేదు. ఆ తర్వాత చాలాకాలానికి హైదరాబాదులో చెమట పరీక్ష చేసి, సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నారు. తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బని కూడా చెప్పారు.

ఆ మాట విన్న అత్తగారు వెంటనే తీర్పు చెప్పేసింది. "మా ఖాందాన్‌ల ఎవ్వలకు లేదీ బీమారి. తల్లిగారింటి కెళ్ళి తెచ్చింది."

ఆ ఇంట్లో జరిగింది మేనరికం. అత్తగారు కోడలికి సొంత మేనత్త, అంటే కోడలి తల్లిగారిల్లు అత్తగారు పుట్టిపెరిగిన ఇల్లే. ఇది అక్కడున్న ఎవరికీ తోచలేదు. నాకు కూడా బస్సెక్కిన తర్వాతే తోచింది.

వంశపారంపర్యం అన్న మాటలోనే చిక్కుంది. మన భాషలో వంశమంటే తండ్రి వంశమే. పేరూ ఆస్తీ కొడుకుల గుండా వస్తాయి, జబ్బు మాత్రం కోడలి వెంట వస్తుంది. సైన్సు చెప్పేది వేరు. ప్రతి మనిషిలో ప్రతి జన్యువుకూ సాధారణంగా రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు సంబంధించిన జన్యువు ఏడో క్రోమోజోము మీద ఉంది. 1989లో దాన్ని కనిపెట్టారు. రెండు ప్రతులూ చెడితేనే జబ్బు. ఒక్కటే చెడినవాళ్ళు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, తమలో అది ఉందని వాళ్ళకే తెలియదు. వాళ్ళను వాహకులంటారు. దాదాపు ప్రతిసారీ ఇద్దరు వాహకులు కలిస్తేనే ఈ జబ్బున్న బిడ్డ పుడుతుంది. తండ్రి ఇచ్చిన ప్రతి మంచిదైతే తల్లి దగ్గర్నుంచి ఎలాంటి ప్రతి వచ్చినా బిడ్డకు జబ్బు రాదు.

అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దీన్ని మన ఇళ్ళలో "ఒకరికి వచ్చింది కదా, ఇక ముగ్గురికి భయం లేదు" అని అర్థం చేసుకుంటారు. అది తప్పు. ప్రతి గర్భానికీ లెక్క మళ్ళీ మొదటి నుంచే. తలసీమియా, సికిల్ సెల్ వచ్చే దారి కూడా ఇదే కనుక, సిస్టిక్ ఫైబ్రోసిస్ పేరు వినని కార్యకర్తలకు కూడా ఈ లెక్క పనికొస్తుంది.

మేనరికం జబ్బును పుట్టించదు. ఒకే పూర్వీకుడి దగ్గరున్న చెడిన ప్రతి రెండువైపుల నుంచీ వచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశాన్ని పెంచుతుంది. ఏ జన్యువు విషయంలోనైనా ఈ అవకాశం మేనబావా మరదళ్ళ బిడ్డకు పదహారింట ఒకటి, మేనమామను చేసుకున్న పిల్ల బిడ్డకు ఎనిమిదింట ఒకటి. ఆస్తి చెదరకూడదని, కట్నం తగ్గుతుందని ఆ సంబంధం కుదిర్చేది పెద్దలు. పదహారేళ్ళకే మెడ వంచిన పిల్లను అప్పుడు అడిగినవాళ్ళు లేరు, ఇప్పుడు దోషిగా నిలబెట్టడానికి మాత్రం అందరూ ఉన్నారు. మేనరికం కానివాళ్ళకూ ఈ జబ్బున్న పిల్లలు పుడతారన్నది కూడా మరచిపోకూడదు.

ఈ జబ్బును 1938లో విడిగా గుర్తించి వివరంగా రాసింది డొరొతీ ఆండర్సన్ అనే అమెరికన్ వైద్యురాలు. ఆడదని సర్జరీ శిక్షణలో చోటివ్వకపోతే పాథాలజీకి వెళ్ళి, చనిపోయిన పిల్లల క్లోమగ్రంథులు పరీక్షించి దీన్ని పట్టుకుంది. ఈ జబ్బున్నవాళ్ళ చెమటలో ఉప్పు ఎక్కువని ఆ తర్వాత 1953లో తేలింది. కణాల్లోకీ బయటికీ ఉప్పు కదిలే దారి చెడటం వల్ల చెమట ఉప్పగా ఉంటుంది, లోపలి జిగట చిక్కబడి ఊపిరితిత్తుల్నీ క్లోమనాళాల్నీ మూసేస్తుంది. మా కరీంనగర్ తల్లి తన పెదవులతో కనిపెట్టింది సరిగ్గా ఇదే. ఆమె మాటను ఎవరైనా రాసుకుని ఉంటే ఆర్నెల్ల టి.బి. మందులు తప్పేవి.

మరో సంగతి మన పత్రికల్లో ఎవరూ రాయరు. ఈ జబ్బున్న మగవాళ్ళలో నూటికి తొంభై అయిదుమందికి పైగా వీర్యనాళాలు లేకుండానే పుడతారు. ఇదే జన్యువులో తేలికపాటి మార్పులున్న కొందరు మగవాళ్ళకు వేరే ఏ లక్షణమూ ఉండదు, పిల్లలు పుట్టకపోవడం తప్ప. అలాంటి ఇంట్లో గొడ్రాలన్న మాట ఎవరు పడతారో మీకు చెప్పనక్కర్లేదు.

2019లో అమెరికా ఆమోదించిన మూడు మందుల కలయిక చాలామంది రోగుల బతుకును మార్చింది. అప్పట్లో అక్కడ దాని ధర ఏడాదికి సుమారు మూడు లక్షల డాలర్లు. మన అరుదైన వ్యాధుల విధానం 2021లో వచ్చింది, 2022లో సాయాన్ని యాభై లక్షలకు పెంచారు. ఆ ధరకు అది మూడు నెలలకు కూడా సరిపోదు. ఈలోగా బిడ్డను బతికించేది రోజూ వీపు తట్టి కఫం తీయడం, నెబ్యులైజర్ పెట్టడం, తిండి పెట్టిన ప్రతిసారీ ఎంజైమ్ గుళిక వేయడం, ఎండల్లో అదనంగా ఉప్పు ఇవ్వడం. ఈ పనంతా చేసేది ఎవరో కూడా చెప్పనక్కర్లేదు. దానికి కూలి లేదు, సెలవు లేదు.

ఆమెను కిందటిసారి చూసినప్పుడు మళ్ళీ నెల తప్పింది. బిడ్డలో ఉన్న మార్పులు తెలిస్తే, తల్లిదండ్రులిద్దరి రక్తాన్నీ సరిచూసి, మూడో నెల చివర్లోనే గర్భస్థ పరీక్ష చేయవచ్చు. ఆమె రక్తం ఇచ్చింది. "నాకేం రోగం?" అని భర్త ఇవ్వలేదు. ఆడపిల్లల్ని ఏరివేయడాన్ని ఆపడానికి మనం పోరాడి తెచ్చుకున్న 1994 చట్టమే ఇలాంటి జన్యు పరీక్షలకు అనుమతిస్తుంది. గర్భిణికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఆమె సమ్మతి తీసుకోవాలని కూడా అంటుంది. సంతకం ఆమెది, అత్తది కాదు, భర్తది కాదు. పరీక్ష తర్వాత గర్భాన్ని ఉంచుకున్నా వద్దనుకున్నా ఆమె వెంట ఉండాలని నా అభిప్రాయం. వికలాంగుల హక్కుల మిత్రులు ఈ విషయంలో మమ్మల్ని అడిగే ప్రశ్నలు కష్టమైనవే, వచ్చే సంచికలో వాళ్ళకే ఆ పేజీలిస్తున్నాం.

హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి అరుదైన వ్యాధుల కేంద్రంగా గుర్తింపు పొందాయి. మీ ఊళ్ళో తిన్నా బరువు పెరగని, మాటిమాటికీ న్యుమోనియా వచ్చే, ముద్దు పెడితే ఉప్పగా ఉండే బిడ్డ ఉంటే చెమట పరీక్ష అడగండి. వెంట తండ్రిని కూడా తీసుకెళ్ళండి. అతను రాకపోతే ఏం చెప్పి రప్పించారో మాకు రాయండి.