పొట్టు పోయిన తిండి, కదలని కడుపు

మలబద్ధకం గురించి నలుగురిలో మాట్లాడటానికి మనకు మొహమాటం. మందుల షాపులో గొంతు తగ్గించి పొడి డబ్బానో సిరప్ సీసానో అడుగుతాం, అది అయిపోతే మళ్లీ కొంటాం. పెద్దవాళ్లున్న ఇళ్లలో ఆ సీసా నెలవారీ సరుకుల చీటీలోకే ఎక్కింది. వారానికి మూడుసార్లయినా విరేచనం కాకపోవడం, అయినప్పుడు గట్టిగా ముక్కాల్సి రావడం, అయ్యాక కూడా ఇంకా మిగిలే ఉందనిపించడం: వైద్యులు మలబద్ధకమనేది ఇలాంటి ఇబ్బందులనే. చాలామందిలో ఇది మందుతో మొదలుపెట్టాల్సిన జబ్బు కాదనీ, కంచంలో పూడ్చుకోవాల్సిన లోటనీ నా వాదన. ఆ లోటుకు తినేవాళ్ల అజాగ్రత్త ఒక్కటే కారణం కాదు. నలభై ఏళ్లుగా ఏ గింజ చౌకగా మన ఇళ్లకు చేరుతోందో అదీ కారణమే.

ముందు లెక్క చూద్దాం. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు ఆహారం నుంచే అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములకు లోపే. అంతే తూకం జొన్నల్లో 10 గ్రాములు, రాగుల్లో 11, కందిపప్పులో 9, పొట్టు తీయని పెసల్లో 17, జామపండులో ఎనిమిదిన్నర గ్రాముల దాకా ఉంటుంది. రోజుకు 350 గ్రాముల బియ్యం వండుకు తినే మనిషికి అన్నం నుంచి వచ్చే పీచు 10 గ్రాములే. మిగతా 15 గ్రాములూ కూర, పప్పు, పళ్లు తెచ్చిపెట్టాలి. మన భోజనంలో అన్నం కుప్పగా ఉంటే కూర నంజుకునేంతే ఉంటుంది. పొద్దున ఇడ్లీకి వేసేది బియ్యపు రవ్వ, పొట్టు తీసిన మినప్పప్పు. ఉప్మా అంటే బొంబాయి రవ్వ. చారులో పీచు నామమాత్రం, పెరుగులో అసలే లేదు. మూడు పూటలా కడుపు నిండినా లెక్క 25కు చేరడం కష్టం. అదే మనిషి బియ్యంలో 100 గ్రాములు తగ్గించి ఆ మేరకు జొన్నరొట్టె తిని, 60 గ్రాముల కందిపప్పు వండుకుని, ఒక జామపండు కొరికితే కూరల జోలికి పోకుండానే 30 గ్రాముల దగ్గరికి వస్తాడు. అన్నం మానాల్సిన పనిలేదు, దాని పాలు కాస్త తగ్గితే చాలు.

పీచు పనిచేసే తీరులో మాయ ఏమీ లేదు. మన జీర్ణరసాలకు అరగని భాగం అది. తవుడు, గింజ పైపొర లాంటి గరుకు పీచు చాలావరకు అలాగే పెద్దపేగు చేరి, మలం పరిమాణం పెంచి పేగును కదిలిస్తుంది. ఇసబ్‌గోల్ లాంటిది నీటిని పట్టుకుని జిగురుగా ఉబ్బి మలాన్ని మెత్తగా ఉంచుతుంది. పప్పుల్లో, పళ్లలో ఉండే మరికొంత పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా తిని పెరుగుతుంది; ఆ బ్యాక్టీరియా రాశి కూడా మలంలో భాగమే. ఉగాండాలో సర్జన్‌గా పనిచేసిన ఐర్లండ్ వైద్యుడు డెనిస్ బర్కిట్ 1972లో సహచరులతో కలిసి లాన్సెట్ పత్రికలో ఒక పోలిక ప్రచురించాడు. పీచు దండిగా తినే ఆఫ్రికా పల్లెవాసుల మలం బ్రిటన్‌వాసుల మలం కంటే ఎంతో బరువుగా ఉందనీ, తిన్నది బయటపడటానికి పట్టే సమయం బాగా తక్కువనీ చూపాడు. ఆ తర్వాత ఆయన ఎన్నో రోగాలకు పీచులేమినే మూలంగా చెప్పాడు. అవన్నీ రుజువు కాలేదు. పీచుకూ మలం బరువుకూ ఉన్న సంబంధం మాత్రం తర్వాతి పరీక్షల్లోనూ నిలబడింది.

పీచు పెంచినా గుణం కనబడలేదనేవాళ్లు ఉన్నారు. వాళ్లది అబద్ధమో అపోహో అని కొట్టిపారేయకూడదు. జర్మనీలో దీర్ఘకాలిక మలబద్ధకమున్న 149 మందికి కనీసం ఆరు వారాలపాటు ఇసబ్‌గోల్ జాతి గింజలిచ్చి చూసిన అధ్యయనం 1997లో వచ్చింది. పేగులో వేరే లోపమేదీ కనబడని వారిలో 85 శాతం మందికి మేలు జరిగింది. పేగు కదలికే మందగించిన వారిలో 80 శాతం మందికి, మలద్వారం దగ్గరి కండరాలు సరిగా సహకరించని వారిలో 63 శాతం మందికి ఉపయోగపడలేదు. నాకు ఈ అధ్యయనం పీచుకు వ్యతిరేక సాక్ష్యంగా కనబడదు. పీచుతో మొదలుపెట్టాలనీ, కొన్ని వారాలు నిజాయతీగా ప్రయత్నించినా ఫలితం లేకపోతే ఇంకా ఇంకా పీచు దట్టించకుండా వైద్యుణ్ని కలవాలనీ అది చెబుతోంది. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత ఉన్నా, 50 ఏళ్లు దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా ఆ కొన్ని వారాలు కూడా ఆగకూడదు. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. థైరాయిడ్ మందగించినా, ఐరన్ మాత్రలు, కొన్ని రకాల బీపీ, నొప్పి మాత్రలు వాడుతున్నా మలబద్ధకం రావచ్చు. అలాంటప్పుడు తోటకూర మీద భారం వేయడం తప్పు.

గ్యాస్ పడుతుందన్నది ఇంకో అభ్యంతరం. పడుతుంది. ఇన్నాళ్లూ పది పన్నెండు గ్రాములతో సరిపెట్టుకున్న పేగుకు ఒక్కరోజులో ముప్పై గ్రాములు అందిస్తే ఉబ్బరం రాకుండా ఎలా ఉంటుంది? మొదటి వారం ఒక పూట అన్నం బదులు రొట్టెనో సంకటో తినడం, తర్వాత ఒక పండు, ఆ తర్వాత గుప్పెడు శనగల గుగ్గిళ్లు చేర్చుకోవడం, ఇలా మెల్లగా పెంచితే చాలామందికి సర్దుకుంటుంది. ఇక నీళ్లు బాగా తాగితే చాలు, తిండి మార్చక్కర్లేదనే మాట ఉంది. ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు తప్ప నీళ్లొక్కటే పెద్దగా మేలు చేయవు. ఇటలీలో 117 మందికి రోజుకు 25 గ్రాముల పీచున్న తిండి పెట్టి చూస్తే, దానితోపాటు రోజుకు రెండు లీటర్ల దాకా నీళ్లు తాగినవాళ్లకు, లీటరుతో సరిపెట్టినవాళ్లకంటే ఎక్కువ గుణం కనిపించింది. ఇసబ్‌గోల్ పొడిని కూడా చాలినంత నీళ్లతోనే తీసుకోవాలి, లేకపోతే అది గొంతులోనే అడ్డుపడే ప్రమాదముంది. అది మంచి సాధనమే, అవసరమైన రోజుల్లో వాడుకోవచ్చు. కానీ చెంచాడు పొడి తిండికి బదులు కాదు. జొన్నల్లో, పెసల్లో పీచుతోపాటు వచ్చే మాంసకృత్తులు, ఇనుము, మెగ్నీషియం అందులో దొరకవు.

ఇక ఖర్చు మాట. పీచు అనగానే ఓట్స్, కివీ పళ్లు, అందమైన ప్యాకెట్లలో సిరిధాన్యాలు చూపించే ప్రకటనలు ఈ సలహాను డబ్బున్నవాళ్ల వ్యవహారంగా మార్చేశాయి. ఉలవలు, బొబ్బర్లు, గోరుచిక్కుడు, అరటిదూట, ఆకుకూరలు మన సంతల్లో దొరికేవే. అయినా పేదింటి కంచంలో వాటి చోటు తగ్గిందంటే కారణం వెతకాలి. రాయలసీమలో సంకటి, తెలంగాణలో జొన్నరొట్టె, గటక ఒకప్పుడు రోజువారీ తిండి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. ఆ పథకం లక్షల ఇళ్లలో పస్తులు తప్పించింది, దాని విలువను తగ్గించి మాట్లాడటం అన్యాయం. కానీ అప్పటినుంచి ఏ పార్టీ వచ్చినా రేషన్ కార్డు మీద ప్రధానంగా వచ్చేది పాలిష్ పట్టిన బియ్యమే. తవుడు మిల్లులోనే వేరై నూనెకూ దాణాకూ పోతోంది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. దొడ్డుబియ్యం తినలేక అమ్ముకునే బాధ తగ్గింది, సంతోషం. పీచు లెక్కలో మాత్రం తేడా లేదు. ఉచితంగా వచ్చే గింజను వదిలి కొనాల్సిన గింజను తినమని కూలి చేసుకునే మనిషికి సలహా చెప్పడం తేలిక, పాటించడం కష్టం.

బడి పిల్లలకు రాగిజావ ఇవ్వడం ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైంది. పంపిణీ వ్యవస్థ ద్వారా ఈ గింజలు అందించడం సాధ్యమేనని దానితో తేలింది. జొన్నకూ రాగికీ కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటిస్తూనే ఉంది. ఆ ధరకు కొని చౌకదుకాణం దాకా చేర్చే ఏర్పాటే చాలినంత లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కార్డు మీద ఇచ్చే బియ్యంలో మనిషికి కనీసం రెండు కిలోలు జొన్నలుగానో రాగులుగానో తీసుకునే వీలు ప్రతి జిల్లాలో కల్పించాలి, దానితోపాటు కందిపప్పు ప్రతి నెలా తప్పకుండా ఇవ్వాలి.