సెల్లార్‌లోని సర్వర్‌కీ ఓ చోటు కావాలి

హైదరాబాద్‌లోని నాచారం పారిశ్రామికవాడ, మల్లాపూర్, ఉప్పల్ రింగు రోడ్డు చుట్టుపక్కల యూపీఎస్‌లు, బ్యాటరీ బ్యాంకులు చూసుకోవడం నా పని. డయాగ్నొస్టిక్ సెంటర్లు, చిన్న ఫార్మా యూనిట్లు, స్కూళ్ళు, చిట్‌ఫండ్ ఆఫీసులు తిరుగుతుంటాను. ఎక్కడికెళ్ళినా సర్వర్ ఉండేది మెట్ల కిందో, సెల్లార్‌లో పార్కింగ్ పక్కనో. పై అంతస్తులకు అద్దె వస్తుంది కాబట్టి సర్వర్ కిందికి దిగుతుంది.

2020 అక్టోబరు 13న కురిసిన వానకు ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు నమోదైంది. రామంతాపూర్‌లో చెరువు నీళ్ళు కాలనీల్లోకొచ్చాయి. ఆ తర్వాత రోజుల తరబడి సెల్లార్లలోంచి బురద పట్టిన ర్యాకులు పైకి మోయించాను. ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో బ్యాకప్ డిస్కు కూడా అదే ర్యాకులో, సర్వర్ కింది అరలోనే ఉంది. పాత రిపోర్టుల కోసం ఒక పెద్దాయన వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డారు. కిడ్నీ డాక్టరు మూడేళ్ళ క్రియాటినిన్ అంకెలు అడిగారట. అవి మళ్ళీ దొరకలేదు.

ఇదే నగరానికి అవతలి వైపు, చందనవెల్లి, షాద్‌నగర్ దారుల్లో, లెక్క వేరు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను మూడు విడి జోన్లతో ప్రారంభించింది, ఒకటి పడిపోయినా మిగతా రెండూ నడవాలని. మైక్రోసాఫ్ట్ అజూర్ 2018 నుంచే మెషీన్ లెర్నింగ్‌తో చెడిపోబోయే యంత్రాలను కనిపెట్టి, వాటి మీది పనిని ముందే వేరే యంత్రాల మీదికి మారుస్తోంది. ఇందులో మాయేమీ లేదు. చచ్చిపోయే ముందు డిస్కులో పాడైన సెక్టార్ల లెక్క పెరుగుతుంది, జవాబు ఆలస్యమవుతుంది. బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరుగుతుంది, ఒక సెల్ పక్కవాటికన్నా వేడెక్కుతుంది. నేను మీటరు పట్టుకుని ఒక్కొక్కటిగా చూసేదాన్ని ఆ ప్రోగ్రాం లక్షల యంత్రాల మీద రాత్రింబగళ్ళు చూస్తుంది. అనుమానం వస్తే, పని ఆగకుండానే మెమరీని ఇంకో యంత్రంలోకి కాపీ చేసి, చివర్లో క్షణకాలం ఆపి అటు మళ్ళిస్తుంది. కీబోర్డు ముందు కూర్చున్నవారికి తెలియను కూడా తెలియదు.

అయితే పెద్దవాళ్ళకు ఒకే ఆవరణలో, లావుపాటి ఫైబరు మీద మార్చుకోవడానికి నిమిషాలు చాలు. మా సెంటర్ల సంగతి చూడండి. సీటీ స్కాన్లతో కలిపి అర టెరాబైటు ఉందనుకుందాం. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైను మీద అది పైకెళ్ళడానికి 22 గంటలు పడుతుంది. వాన మొదలయ్యాక కరెంటు పోతుంది, స్తంభాల మీది కేబులూ తెగుతుంది. కాబట్టి ఒక రోజు ముందే హెచ్చరిక అందాల్సింది ఎవరికి? లైను సన్నగా ఉన్నవాళ్ళకే. ముందే పసిగట్టి తరలించే ఈ విద్య అవసరం ఎక్కువున్నది ఇటువైపే, ఉన్నది మాత్రం అటువైపు.

హెచ్చరిక ఒక్కటే ఉన్నా లాభం లేదని దక్షిణ కొరియా చూపించింది. 2025 సెప్టెంబరు 26న డేజన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలను తరలిస్తుండగా మంటలు లేచాయి. అవి పదేళ్ళ వారంటీ దాటినవి. ప్రమాదాన్ని చెప్పడానికి ఏ అల్గారిదమూ అక్కర్లేదు, లేబుల్ మీది తారీఖు చాలు. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు కాలిపోయాయి. మరీ పెద్దదని దానికి వేరేచోట నకలు పెట్టలేదు. అంత సంపన్న దేశంలోనే నకలుకు చోటు చూడకపోతే, మా మెట్లకింది ర్యాకును ఎవరు పట్టించుకుంటారు?

ప్రభుత్వమే పట్టించుకోవాలి. 2016లోనే మన రాష్ట్రం డేటా సెంటర్ల విధానం తెచ్చి రాయితీలు ప్రకటించింది. భూకంప ముప్పు తక్కువ, సముద్రం దూరం అని కంపెనీలు వస్తున్నాయి, రావాలి కూడా. ఇకపై ఇచ్చే ప్రతి రాయితీకీ ఒక షరతు జోడించాలి: చిన్న ఆసుపత్రులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు ఆపద ముందు తమ డేటాను దింపుకోవడానికి కొంత స్థలం ఉచితంగా కేటాయించాలని. రోగుల వివరాలు బయటపడతాయని అభ్యంతరం రావచ్చు. అది న్యాయమైన భయమే. డేటాకు తాళం వేసి పంపాలి, తాళంచెవి ఆసుపత్రి దగ్గరే ఉండాలి. ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే.

ఇంకోటి, యంత్రం నేర్చుకోవాలంటే పాఠాలు కావాలి. ఏ ఫీడరు ఎన్నిసార్లు ట్రిప్పయింది, ఏ గంటలో చెరువు అలుగు దాకా వచ్చింది, ఏ సందులో సెల్లార్ మునిగింది అన్నవన్నీ లైన్‌మన్ల నోటి లెక్కల్లో, వాచ్‌మన్ల జ్ఞాపకాల్లో ఉన్నాయి. నాచారంలో ఏ సబ్‌స్టేషన్ మీద ముందు లోడు తీసేస్తారో నాకు తెలుసు, ఏ మోడల్‌కీ తెలియదు. విద్యుత్ సంస్థ ఫీడర్లవారీ అంతరాయాలను, నగరపాలక యంత్రాంగం చెరువుల నీటిమట్టాలను గంటగంటకూ అందరికీ తెరిచి ఉంచితే, వానలెక్కతో కలిపి "రేపు రాత్రికి మీ సెల్లార్ జాగ్రత్త" అని చెప్పే ప్రోగ్రాం రాయగల పిల్లలు ఉప్పల్‌లోనే ఉన్నారు. మొదట్లో తప్పుడు హెచ్చరికలూ వస్తాయి. ఊరికే ఒక రాత్రి డేటా కాపీ అయితే పోయేది బ్యాండ్‌విడ్త్ మాత్రమే.

ఏటా మే నెలలో, తొలకరికి ముందు, ఒక్కో డివిజన్ నుంచి ఒక సెంటర్ డేటాను నిజంగానే తరలించి, అక్కడినుంచి ఒకరోజు రిపోర్టులు ఇప్పించి చూడాలి. ఎంతసేపు పట్టింది, ఏది తెరుచుకోలేదు అన్నది వార్డు ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టాలి. నాచారంలో ఆ పరీక్షకు బ్యాటరీలు, కేబుళ్ళు చూసిపెట్టే పని జీతం లేకుండా నేను చేస్తాను.