గృహిణీగోష్ఠి : కారునకు రెండవ యూపిరి

ఈ శీర్షిక క్రింద ఊరుగాయలను గూర్చియు, పసిబిడ్డల పెంపకమును గూర్చియు చదువుట కలవాటుపడిన సోదరీమణులు ఈ మాసమున కారు ఇంజనును గూర్చిన మాటలు చూచి ఆశ్చర్యపడవచ్చును. ఐనను నేటి బిడ్డలు తమ ధనమును, దేహమును దేనికై పణముగా నొడ్డుచున్నారో తల్లులు తెలిసికొనకుండుట క్షేమము గాదు. తెలియనిదానిని నిందించుట సులభము. తెలిసికొని మందలించినప్పుడే బిడ్డ మన మాటకు చెవి యొగ్గును. ఈ నీతి మాకు గడచిన మాసమున బోధబడినది.

బోధనులో మా వదినగారున్నారు. వారి కుమారుడు కాలిఫోర్నియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. తండ్రి లేని పిల్లవాడు, బుద్ధిమంతుడు. పాత యింటి పైకప్పు వానకు కారుచుండుటచే దాని మరమ్మతునకై నెలనెల తల్లికి సొమ్ము పంపుచుండెను. ఆరు నెలలుగా ఆ సొమ్ము సగమైనది. అడిగిన తల్లికి "ఖర్చులు పెరిగినవి" అనెను. ఒకనాడు ఫోనులో మాటలాడుచుండగా వాని వెనుక షెడ్డులో ఇంజను ఊడదీసిన చిన్న ఎఱ్ఱకారు తల్లి కంటబడినది. అది ముప్పదియేండ్ల నాటి, ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన బండి. దానికి టర్బో అను యంత్రమును తగిలించి వేగము పెంచుచున్నాడట. వదినగారికి నిద్ర పట్టలేదు. "నీ మాటంటే వాడు వింటడు. ఆ పిచ్చి మానుమని నువ్వొక్కసారి చెప్పు" అని మాకు కబురంపినారు.

మేము ఫోను చేసితిమి. మానుమని చెప్పుటకు ముందు అది యేమో చెప్పుమంటిమి. వాడు సంతోషించి, "అత్తమ్మా, మన బోధను ఫ్యాక్టరీలో పిప్పి చూసినవు గద, ఇదీ అట్లనే" అని మొదలుపెట్టెను.

శక్కర్‌నగరు చక్కెర కర్మాగారమును ఎరుగనివారు మన ప్రాంతమున లేరు. 1937లో నిజాము ప్రభుత్వకాలమున స్థాపింపబడి, మంజీరపై కట్టిన నిజాంసాగరు నీటితో పండిన చెరకును దశాబ్దములపాటు ఆడి, 2015 డిసెంబరులో మూతపడినది. మా అన్నగారు అచ్చట బాయిలరుశాలలో పనిచేసినవారు. నూరు టన్నుల చెరకాడినచో సుమారు ముప్పది టన్నుల పిప్పి మిగులును. ఆ పిప్పిని పారవేయరు; బాయిలరు క్రింద మండించి ఆవిరి పుట్టింతురు. ఆ యావిరి యంత్రములను త్రిప్పును. త్రిప్పి వెలువడిన ఆవిరితోనే మరల రసమును కాతురు. చెరకు తన పిప్పితోనే తన రసమును వండించుకొనును. చిన్ననాడు తండ్రి చేయి పట్టుకొని మా మేనల్లుడు దీనిని చూచియున్నాడు.

కారు ఇంజనులో పెట్రోలు మండి పుట్టిన వేడిమిలో సుమారు మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు వినియోగపడును. మరియొక పెద్దభాగము పొగగొట్టము వెంట వెలికిపోవును. ఆ వేడిపొగకు బలమున్నది. టర్బోలో ఒకే ఇరుసునకు రెండు చిన్న చక్రములుండును. పొగ వెడలుచు ఒక చక్రమును త్రిప్పును. దానితోపాటు తిరుగు రెండవ చక్రము బయటిగాలిని లోనికి లాగి, నొక్కి, ఇంజనులోనికి పంపును. గాలి హెచ్చినచో పెట్రోలును హెచ్చుగా మండింపవచ్చును, బలము పెరుగును. నిశ్వాసమే మరల ఉచ్ఛ్వాసమునకు తోడ్పడుచున్నదన్నమాట. ఆ చక్రములు నిమిషమునకు లక్షసారులకు పైగా తిరుగును.

ఈ యుపాయము నేటిది గాదు. స్విట్జర్లండు దేశీయుడైన ఆల్ఫ్రెడ్ బ్యూకి అను ఇంజనీరు 1905లోనే దీనికి హక్కుపత్రము పొందెను. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను నతడు విమానపు ఇంజను నొకదానిని పధ్నాలుగువేల యడుగులకు మించిన పైక్స్ పీక్ అను శిఖరమున కెక్కించి, పలుచని గాలిలో సయితము టర్బోతో దాని బలము తగ్గకుండుటను నిరూపించెను. అమ్మకపు కార్లలోనికి ఇది 1962లో వచ్చినది.

ఆనాటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అను కారు కథ గృహిణులు వినదగినది. నొక్కబడిన గాలి వేడెక్కి ఇంజనుకు హాని చేయకుండుటకై నీరును మెథనాలును కలిపిన ద్రవమును కొంచెము కొంచెముగా లోనికి చిమ్మునట్లు దానిని నిర్మించిరి. ఆ ద్రవపు తొట్టిని యజమాని యెప్పటికప్పుడు నింపుకొనవలెను. పెక్కుమంది మరచిరి. బండ్లు చెడినవి, ఫిర్యాదులు వచ్చినవి. తుదకు టర్బోలను ఊడదీసి సాధారణమైన కార్బురేటర్లను అమర్చి యిచ్చిరి. రెండేండ్లలో చేసినవి పదివేలకు లోపే. అందును టర్బోతో మిగిలినవి నేడు మిక్కిలి అరుదు. యంత్రము గొప్పదైనను దినదినము దానిని కనిపెట్టుకొని యుండు చేయి లేనిచో నిలువదు. పాడియావు విషయమున మన మెరిగిన సంగతియే యిది.

1973లో జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. సంస్థ 2002 టర్బో అను కారును చేసినది. ముందుపోవు బండివాడు తన అద్దములో చూచి తప్పుకొనుటకై దాని ముందరి పట్టీపై పేరును తిరగవ్రాసిరి! అదే సమయమున చమురు కరవు వచ్చినది. ఆ గర్వము ఎవరికిని రుచింపలేదు. రెండువేలైనను చేయకమునుపే దానిని నిలిపివేసిరి. మరుసటి యేట పోర్షే 911 టర్బో పారిస్ ప్రదర్శనమున వెలసి ప్రసిద్ధి కెక్కినది.

ఇక మా మేనల్లుని బండి మజ్దా మియాటా. 1989లో వెలువడిన జపానుబండి, 1.6 లీటరు ఇంజను, సుమారు 115 అశ్వశక్తి, టన్నుకు తక్కువ బరువు. 2016 నాటికి ఇట్టివి పదిలక్షలు తయారైనవి. మొదట కర్మాగారమునుండి టర్బో లేకుండ వచ్చినందున, కొరత యున్నచోట చేతిపనివారు పుట్టిరి. ఇంగ్లండులో బి.బి.ఆర్. అను చిన్నసంస్థ 1990లో టర్బో నమర్చి 150 అశ్వశక్తికి పెంచినది. అట్టి బండ్లు నేడు అరుదు. వాని విడిభాగములు సయితము దొరకుట కష్టము; ఒక గొట్టమునకై ఏడాది వెదకువారున్నారట. దొరకనివారు తామే కోసి, అతికి, కట్టుకొందురు. మనలో నాయనమ్మనాటి పట్టుచీర అంచును దాచి క్రొత్త చీరకు కుట్టించుకొనువా రుండగా, వీరిని పిచ్చివారనుట కేమున్నది?

ఐతే ఆపద యెచ్చట? మే మదియే అడిగితిమి. బయటిగాలి యొత్తిడి చదరపు అంగుళమునకు 14.7 పౌనులు. టర్బో దానిపై ఆరు పౌనులు చేర్చినను, లెక్కప్రకారము నూటికి నలువది వంతుల గాలి హెచ్చును. నొక్కిన గాలి వేడెక్కును. ఆ వేడికి పెట్రోలు తన సమయము రాకమునుపే భగ్గుమన్నచో పిస్టన్లు పగులును. అందుచే గాలిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు, తగిన పాళ్లలో పెట్రోలు, నిప్పురవ్వ పడు క్షణమును సరిదిద్దు కంప్యూటరు, హద్దు మీరిన పొగను ప్రక్కకు మళ్లించు కవాటము కావలెను. "నాయిన చెప్పేటోడు గద, సేఫ్టీ వాల్వు లేని బాయిలరు బాంబేనని" అని వాడన్నప్పుడు మా కన్నులు చెమరించినవి.

భారతమున నలుడు ఋతుపర్ణుని రథమును తోలిన కథ మీరెరుగుదురు. రాజు ఉత్తరీయము జారినది. ఆపుమనునంతలో రథము యోజనము దాటినది. కాని నలుడు లాయములో ఎన్నుకొన్నవి చూపునకు బలసిన గుఱ్ఱములు గావు, సన్నని గుఱ్ఱములు. రాజు సందేహించెను. నలునికి అశ్వహృదయము తెలియును. ఏ గుఱ్ఱము ఎంత యోర్చునో తెలియును. నేటివారు అశ్వశక్తిని కొనుచున్నారు. అశ్వహృదయము అంగడిలో దొరకదు.

అందుచే వానిని మూడు ప్రశ్న లడిగితిమి. మొదటిది: వేగము పెంచితివి, ఆపుటకు బ్రేకులు పెంచితివా? రెండవది: అచ్చటి చట్టమేమి? మూడవది: బోధనులో పైకప్పు మాటేమి?

మొదటిదానికి, బ్రేకులు ఇంకను మార్చలేదనెను. టర్బోకే సొమ్ము చాలినదట. రెండవదానికి కొంత తడబడెను. కాలిఫోర్నియాలో సాధారణముగా రెండేండ్ల కొకసారి బండి పొగను పరీక్షింతురు. ఆ రాష్ట్రపు వాయుసంరక్షణ మండలి యిచ్చు అనుమతిసంఖ్య లేని ఇట్టి పరికరము నమర్చినచో ఆ పరీక్షలో బండి తప్పును. తాను కొన్న పాతటర్బోపై ఆ సంఖ్య గలదో లేదో వాడు చూడనేలేదు. మూడవదానికి చాలసేపు మాటలాడలేదు.

ఇచ్చట మన నిజామాబాదు పిల్లలకును ఈ మోజు గలదు గనుక మన చట్టమును గూడ చెప్పుచున్నాము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన స్వరూపమునకు భిన్నముగా బండిని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దీనిని స్థిరపరచినది. మార్చిన బండికి ప్రమాదము జరిగినచో బీమాసంస్థ సొమ్ము నిరాకరింపవచ్చును. ఇంజను మార్పిడికి సయితము రవాణా అధికారి అనుమతి కావలెను. చేతిపనిపై మక్కువ గలవారికి ప్రదర్శనశాలలు గలవు: హైదరాబాదులో సుధా కార్ల మ్యూజియమున వంకాయ ఆకారమునను, మడమయెత్తు చెప్పు ఆకారమునను చేతితో నిర్మించిన కార్లను చూడవచ్చును. నిర్మించు తృష్ణ తప్పు గాదు. దానిని పదిమంది నడచు వీథిలో పరీక్షించుట తప్పు.

మరియొక మాట. టర్బో మన యిండ్లకు ఇదివరకే వచ్చినది. నేటి డీజిలు కార్లలో దాదాపు అన్నియు, చిన్న పెట్రోలు కార్లలో పెక్కును కర్మాగారమునుండియే టర్బోతో వచ్చుచున్నవి. అట్టిది మీ యింట నున్నచో, హైదరాబాదునుండి వేగముగా వచ్చి వాకిట నిలిపిన వెంటనే ఇంజను నార్పనీయకుడు. ఒక నిమిషము నెమ్మదిగా తిరుగనిండు. వేడెక్కిన టర్బోలో నిలిచిపోయిన నూనె మాడి మసిబారును. పొయ్యి మీద మరచిన మూకుడును తలచుకొనుడు. ఇంజను ఆయిలును గడువు దాటనీయకుడు. క్రొత్తగా ఈల వంటి ధ్వని వినవచ్చినను, నీలిపొగ వెడలినను మెకానికునకు చూపుడు. బండి నడుపువారు పురుషులే యైనను, ఈ నాలుగు మాటలు తెలిసిన గృహిణి చాల ఖర్చును తప్పింపగలదు.

మా మేనల్లుని మేము మానుమనలేదు. తండ్రి బాయిలరు నుండి వాడు నేర్చిన విద్య ఆ షెడ్డులో బ్రతికియున్నది; దానిని చంపుటకు మాకు మనసొప్పలేదు. వరుస మాత్రము మార్చుకొమ్మంటిమి: ముందు తల్లి పైకప్పు, పిమ్మట బ్రేకులు, పిమ్మట అనుమతిసంఖ్య, అటుపై టర్బో. నాలుగు దినములకు వదినగారు ఫోను చేసినారు. కొడుకు తానే అంతయు ఒప్పుకొని, కొన్న టర్బోను అట్టపెట్టెలో పెట్టి అటకపై నుంచినాడట. తగ్గించిన సొమ్ము పంపినాడట. వానకాలమునకు ముందే రేకులు పడినవి.

ఐనను వదినగారికి క్రొత్త చింత కలిగినది. "వాని మొగం చిన్నబోయింది. ఆ పెట్టె మళ్ల ఎప్పుడు దించుతడో అడుగు" అన్నారు. బ్రేకులు వచ్చిన పిదపనని చెప్పితిమి. బ్రేకుల వెల యెంతయని వారు విచారించుచున్నారు.