ఎంసీబీ ఒక్కటే చాలదు

కరెంటు ప్రమాదం అనగానే మన ప్రాంతంలో అందరికీ గుర్తొచ్చేది శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం. నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఆ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు చెలరేగి 9 మంది చనిపోయారు. దేశమంతా మాట్లాడుకుంది. టిఫిన్ సెంటర్‌లో గ్రైండర్ ముట్టుకుని పడిపోయిన పనివాడి సంగతి మాత్రం ఆ వీధి కూడా దాటదు.

గద్వాల, వనపర్తి, అచ్చంపేట... ఎక్కడైనా చిన్న హోటల్ వంటగది అంటే తడి నేల, పిండి చేతులు, చెప్పుల్లేని కాళ్లు. పొడి చర్మం కరెంటును కొంత అడ్డుకుంటుంది. తడిస్తే శరీర నిరోధం 1000 ఓమ్‌ల దాకా పడిపోతుంది. అప్పుడు 230 వోల్టుల సరఫరా నుంచి 200 మిల్లీ ఆంపియర్లకు పైగా ఒంట్లోంచి పారుతుంది. అందులో సగమైనా గుండె లయ తప్పడానికి చాలు.

‘ఎంసీబీ ఉంది కదా’ అంటారు. అది కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి 200 మిల్లీ ఆంపియర్లు లెక్కలోకే రావు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. కరెంటు లీకై 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. 2 కిలోవాట్లు, ఆపైన లోడు ఉన్నచోట లీకేజీ రక్షణ ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలే చెబుతున్నాయి.

మీలో చాలామందికి రోడ్డు పక్కన మడిగెలుంటాయి. హోటల్‌కు అద్దెకిచ్చే ముందు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఖర్చు ఒక నెల అద్దె కూడా కాదు. హోటల్ మీదే అయితే గ్రైండర్, ఫ్రిజ్‌లకు మూడు పిన్నుల ప్లగ్గులే వాడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సును నేల మీద ఉంచకండి. నెలకోసారి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి. కరెంటు పోకపోతే దాన్ని వెంటనే మార్పించండి.

ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. 108కి ఫోన్ చేయించండి. ఊపిరి లేకపోతే నీళ్లు చల్లుతూ, కాళ్లు రుద్దుతూ కూర్చోవద్దు. ఛాతీ మధ్యలో రెండు అరచేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. లేచి కూర్చున్నా సరే, ఆస్పత్రికి తీసుకొచ్చి ఈసీజీ తీయించండి.

మనం ఇంట్లో పిల్లల కోసం పెట్టించుకునే రక్షణే, మనకు టిఫిన్ వండిపెట్టే మనిషికీ కావాలి.