పెల్లుబికింది సరే, ఎక్కడి నుంచి?

పత్రికల్లో తరచుగా కనిపించే మాట 'పెల్లుబుకు'. నిరసన పెల్లుబికింది, దుఃఖం పెల్లుబికింది, ఉత్సాహం పెల్లుబికింది అని రాస్తుంటారు. చాలామంది ఈ మాటకు 'ఉన్నట్టుండి బయటపడటం' అని అర్థం చెప్పుకుంటారు. అది సగం అర్థమేనని నా అభిప్రాయం.

మాటను విడదీసి చూద్దాం. పెల్లు + ఉబుకు. మనం బడిలో చదువుకున్న ఉత్వసంధే. 'పెల్లు' అంటే అధికం. 'ఉబుకు' అంటే లోపల ఉన్నది పైకి రావడం. ఎండాకాలం వాగులో ఇసుక తీసి చెలమ తవ్విన వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. నీళ్ళు ముందు ఊరతాయి, తర్వాత ఉబుకుతాయి. అవి తవ్విన రోజున పుట్టిన నీళ్ళు కావు, ఇసుక అడుగున ఎప్పటి నుంచో ఉన్నవే. ఒక్కసారిగా వచ్చేది పైకి కనిపించే ఉరవడి మాత్రమే.

రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. 'అడుగుతోంది - అడిగింది' లాగే 'పెల్లుబుకుతోంది - పెల్లుబికింది' అనాలి. 'పెల్లుబుకింది' అనీ, 'పెళ్ళుబికింది' అనీ రాయడం తప్పు. పెళ్ళికీ దీనికీ ఏ సంబంధమూ లేదు!

ఇదంతా చెప్పడానికి ఒక కారణం ఉంది. నేను చదువుకునే రోజుల్లో ఉన్న ఒక హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటోందని రెండు నెలలపాటు వార్డెన్ గారికి చెప్పాం. కాగితం రాసి, అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. తనిఖీకి వచ్చిన అధికారికీ చెప్పుకున్నాం. ఫలితం లేక ఒక రాత్రి కంచాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాం. మర్నాడు పేపర్లో 'ఒక్కసారిగా పెల్లుబికిన విద్యార్థుల ఆగ్రహం' అని వచ్చింది. మన సంగతి పేపర్లో పడిందని ఆ రోజు సంబరపడ్డాం. ఇప్పుడు తలచుకుంటే ఆ 'ఒక్కసారిగా' అన్నదే గుచ్చుకుంటుంది. మా రెండు నెలల విన్నపాలు ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయాయి. చదివినవాళ్ళకు మేము దుడుకు పిల్లలుగానే కనిపించి ఉంటాం.

తమ్ముళ్ళూ, రేపు మీలో విలేకరులు, ఉపాధ్యాయులు, అధికారులు అయ్యేవాళ్ళున్నారు. ఈ మాట రాసినప్పుడు అది ఎన్నాళ్ళ నుంచి ఊరుతోందో కూడా ఒక వాక్యం రాయండి. పాఠం చెప్పేటప్పుడు చెలమను చూపించి చెప్పండి. అధికారులయ్యేవాళ్ళు మాత్రం, పిల్లలు సంతకాలు పెట్టి ఇచ్చిన కాగితాన్ని అందిన రోజే చదవండి.

- ఒక పూర్వ విద్యార్థి