కంప్యూటర్‌కీ ఊపిరాడాలి



మన కంప్యూటర్ రూములో మూలనున్న కంప్యూటర్ ఎండాకాలం వచ్చిందగ్గర్నుంచి మధ్యాహ్నం పూట దానంతటదే ఆగిపోయేది. "పాతదైపోయింది, కొత్తది రావాలి" అని అందరూ అన్నారు. కొత్తది ఎప్పుడొస్తుందో ఏమో! వారానికి మనకు ఒక్క పీరియడ్, ఒక్కో కంప్యూటర్‌కి ముగ్గురం. అది ఆగితే మన వంతు పోయినట్టే.

పోయిన వారం సార్ దగ్గరుండి దాని పెట్టె విప్పించారు. ముందు జాలీ నిండా దుమ్ము. ప్రాసెసర్ మీది ఫ్యాను కింద దూది పరిచినట్టుంది. పెట్టె వెనకభాగం గోడకి ఆనుకుని ఉంది. పైన గుడ్డ కప్పింది కూడా మనమే! అందుకే నేనంటాను, అది పాతదై ఆగలేదు, ఊపిరాడక ఆగింది.

మన ఇళ్లల్లో పొయ్యి గుర్తు చేసుకోండి. గాలి తలుపులోంచి వస్తుంది, పొగ కప్పు సందుల్లోంచి పోతుంది. ఏది మూసినా కళ్ళు మండుతాయి. కంప్యూటర్ పెట్టె కూడా అంతే. మామూలుగా ముందు నుంచి చల్లగాలి రావాలి, వెనక నుంచి వేడిగాలి పోవాలి. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి వస్తే వాటి వేగం అవే తగ్గించుకుంటాయి. ఇంకా వేడెక్కితే కాలిపోకుండా కంప్యూటర్ ఆగిపోతుంది.

"ఇంకో ఫ్యాను పెడితే సరి" అని కొందరంటున్నారు. గాలికి దారి లేకుండా ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలి వేడిగాలినే తిప్పుతాయి. తిరగేసి బిగిస్తే మరీ నష్టం. ఫ్యానుకి కమ్మీలున్న వైపు నుంచి సాధారణంగా గాలి బయటికొస్తుంది. చిన్న కాగితం ముక్క దగ్గర పెడితే తెలిసిపోతుంది. "పక్క రేకు తీసేద్దాం" అనేవాళ్ళతో కూడా నేను ఒప్పుకోను. దుమ్ము, బల్లులు లోపలికి పోతాయి, చిన్నపిల్లలు చేతులు పెడతారు.

ఆ రోజు దుమ్ము దులిపి, పెట్టెను గోడకి జానెడు దూరం జరిపాం. తర్వాత మధ్యాహ్నం రెండు పీరియడ్లూ ఆగకుండా నడిచింది. పైసా ఖర్చు కాలేదు.

కాబట్టి నా మనవి: మిగతా కంప్యూటర్లకు కూడా నెలకోసారి ఇలాగే చేయాలి. ముందు స్విచ్ ఆపి ప్లగ్ తీయాలి. ఫ్యాను రెక్కలు కదలకుండా పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులపాలి. అదీ సార్ ఉన్నప్పుడే. పవర్ సప్లై డబ్బా మాత్రం ఎవ్వరూ విప్పొద్దు. కంప్యూటర్ నడుస్తున్నప్పుడు గుడ్డ కప్పొద్దు.

వార్డెన్ సార్‌కి ఇంకొక్క మాట. దొంగల భయంతో ఆ రూము కిటికీలు మూసే ఉంచుతున్నారు. భయం నిజమే సార్. కానీ ఫ్యాన్లు రూములో ఉన్న గాలినే తీసుకుంటాయి. రూమే ఉడికిపోతుంటే అవి మాత్రం ఏం చేస్తాయి? రాత్రికి తాళం వేయండి, క్లాసు జరిగినంతసేపైనా రెండు వైపుల కిటికీలు తెరిపించండి. కంప్యూటర్‌కీ గాలి ఆడుతుంది, మాకూ ఆడుతుంది.

— తొమ్మిదో తరగతి విద్యార్థి