శీతల యంత్రములకు శిక్షణ పొందిన పనివాడు

పాల శీతల కేంద్రములును, గుంటూరు ప్రాంతమున మిరప నిలువజేయు శీతల గిడ్డంగులును నేడు రైతునకు గాదెవలె అవసరములైనవి. పిదికిన పాలు వెంటనే 4 డిగ్రీల చల్లదనమునకు దిగనిచో త్వరలోనే విఱిగిపోవును. వేసవిలో గిడ్డంగి చల్లదనము తప్పినచో మిరపకాయ రంగు తగ్గి ధర పడిపోవును. ఇట్టి యంత్రములను కొనుటకు సంఘములు లక్షలు వెచ్చించుచున్నవి గాని, వానిని బాగుచేయువానికి పని నేర్పించుటకు వెనుదీయుచున్నవి. ఇది తగదని మా యభిప్రాయము.

యంత్రపు గొట్టములలోని వాయువు ఒకచోట ద్రవమై, మఱియొకచోట ఆవిరియై, పాలలోని వేడిని లాగికొని వెలుపలకు విడుచును. ఆ వేడితోనే కొన్ని కేంద్రములలో క్యానులు కడుగుటకు నీళ్లు కాగుచున్నవి. గొట్టమునకు చిల్లి లేనంతకాలము ఈ వాయువు తరుగదు. కావున ఏటేట గ్యాసు పట్టింపవలెనని చెప్పు మెకానిక్కు మాట నమ్మదగినది కాదు. మే మెఱిగిన యొక కేంద్రమున మూడు వేసవులు వరుసగా గ్యాసు పట్టించిరి. నాలుగవ యేట పని నేర్చిన యువకు డొకడు వచ్చి, సబ్బునురుగు పూసి చూడగా ఒక అతుకుకడ బుడగలు లేచినవి. అతుకు సరిచేసిన పిదప ఆ ఖర్చు నిలిచిపోయినది. అంతవఱకు సభ్యుల సొమ్ము ఓటికుండలో పోసిన నీరే యైనది.

ధననష్టము పూడ్చుకొనవచ్చును, పోయిన ప్రాణము తిరిగి రాదు. పెద్ద గిడ్డంగులలో వాడు అమ్మోనియా ఘాటైన వాసనచే ముందుగా హెచ్చరించును గాని, హెచ్చుగా వెలువడినచో కన్నులను, ఊపిరితిత్తులను కాల్చివేయును. చిన్న యంత్రములలోని ఆర్-22 వాయువునకు వాసన దాదాపు లేదు. మూసిన గదిలో అది నిండినచో మనుష్యునకు ఊపిరాడదు. అది గొట్టములో మిగిలియుండగా మంటతో అతుకు వేసినచో విషవాయువులు పుట్టును. క్రొత్తగా వచ్చుచున్న ఆర్-290 మన వంటగ్యాసునకు చుట్టము. దానికి నిప్పురవ్వ చాలును. గొట్టముల గట్టితనము పరీక్షించుటకు నత్రజని వాడవలెను. అది దొరకలేదని ప్రాణవాయువు సిలిండరు తగిలించినచో, కంప్రెసరులోని నూనెతో కలిసి ప్రేలిపోవును. ఇది ప్రక్కన నిలిచి చూచి నేర్చుకొను పని కాదు. ఇందు మొదటి తప్పే కడపటి తప్పు కావచ్చును.

మఱియొక సంగతి కలదు. ఓజోను పొరను చెఱచు వాయువులను మానుటకై 1987లో మాంట్రియల్ ఒడంబడిక జరిగెను. మనదేశము 1992లో అందు చేరెను. దాని ప్రకారము ఆర్-22 వాడుక 2030 నాటికి దాదాపు ముగియవలసియున్నది. సరుకు తగ్గుకొలది ధర పెరుగుట సహజము. ఒక్క కిలో ఆర్-22 గాలిలో కలిసినచో, నూఱేండ్ల లెక్కన, సుమారు 1,800 కిలోల బొగ్గుపులుసు గాలి చేయునంత చెఱుపు చేయును. వానలు అదను తప్పినచో మొదట నష్టపోవునది మనమే కదా! పని నేర్చినవాడు పాత గ్యాసును గాలికి విడువక సిలిండరులోనికి తీసికొనును. ఒక వాయువునందు మఱియొక వాయువును కలుపడు. 2019లో వెలువడిన భారత శీతలీకరణ ప్రణాళిక 2022-23 నాటికి లక్షమంది పనివారికి శిక్షణ యియ్యవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. ఐ.టి.ఐ.లలో ఈ వృత్తికి రెండేండ్ల తరగతి కలదు. ఇట్టి యవకాశమును మన గ్రామమువా రేల ఉపయోగించుకొనరాదు?

పని నేర్పినచో కుఱ్ఱవాడు హైదరాబాదునకు పోవునుగదా యని కొందఱందురు. పోవచ్చును. తగిన జీతము నియ్యక వానిని గ్రామమున నిలుపజూచుట న్యాయము కాదు. నాలుగైదు సంఘములు కలిసి యొకనిని నియమించుకొన్నచో ఆ జీతము ఎవరికిని భారము కాదు, సహకారమన నిదియే. అప్పటికిని పోయెనా, వాడు పోయిన చోట మఱియొకని ప్రాణము కాపాడును. ఆ వెచ్చము వ్యర్థమని మేము తలంపము.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మూడు తీర్మానములు చేయవలెనని కోరుచున్నాము. చిల్లి యెచ్చట నున్నదో, ఎట్లు పూడ్చిరో వ్రాసి చూపనిదే గ్యాసు బిల్లునకు సొమ్ము చెల్లింపరాదు. ఈ యేడే మన సభ్యుల బిడ్డలలో నొకనిని సంఘపు ఖర్చుతో శిక్షణకు పంపవలెను. అమ్మోనియా గదిలోనికి ఎవ్వరును ఒంటరిగా పోరాదు. ముఖకవచము, చేతితొడుగులు, కన్నులు కడుగుకొనుటకు నీరు ఆ గది వాకిట నెల్లప్పుడు నుండవలెను. ఎవరి బిడ్డను ఆ గదిలోనికి పంపుచున్నామో తలచుకొని సభ్యులు చేయి యెత్తుదురుగాక.